వెంటాడే రెండు మాటలు

"ప్రాసిక్యూట్ చేస్తారా?" గుమ్మంలో నిలబడ్డ పోలీసావిడ నా వాచిన చెంప చూస్తూ ఇంగ్లీషులో అడిగింది.

మా ఆయన మోజెస్ నవ్వి, ఆవిడకి అర్థం కాకుండా తెలుగులో అన్నారు.

"ఎనిమిదో క్లాసు మొహానికి ఆ మాట తెలుసా? నువ్వు చర్చిలో విన్నది పెర్సిక్యూట్, షెరిన్. నో అని చెప్పు, పోద్ది."

"రెండూ తెలుసు. ఒకటి హింసించడం, ఒకటి కేసు పెట్టడం. లాటిన్‌లో రెండింటి మూలమూ వెంటాడడమేనని లైబ్రరీలో ఇంగ్లీషు క్లాసులో చెప్పారు. నాలుగేళ్లుగా మొదటిది నువ్వు చేస్తున్నావు."

ఆయన్ని నువ్వనడం అదే మొదటిసారి.

పోలీసావిడకి యస్ అని చెప్పాను.

"ఆ పక్కింటోళ్లు ఫోన్ చేయబట్టే ఇదంతా," అని ఆయన గొణిగారు.

"వాళ్లు వారం నుంచి ఊళ్లో లేరు. చేసింది నేనే."