పన్నెండో ఓటు

వీధి ఓటేసి ఒప్పుకుంటేనే ఇల్లు కొనాలన్న చట్టం వచ్చి పదేళ్లయింది. వెల్డర్ వరహాలమ్మ కొనబోయే ఇంట్లో, ఓట్లు అడిగి లెక్కపెట్టే గోడ మీద లెక్క ఔనన్నవి పదకొండు, వద్దన్నవి పదకొండు దగ్గర ఆగిపోయింది. సమమైతే ఇల్లు దక్కదు. ఓటింగు ముగియడానికి ఇంకా పది నిమిషాలే ఉన్నాయి.

ఆమె ఖాళీ వంటగదిలో పొయ్యి వెలిగించి పాలగిన్నె పెట్టింది.

"ఓట్లు తేలకుండానే పాలు పొంగించేత్తన్నావేటమ్మా?" అన్నాడు వార్డు గుమస్తా పైడిరాజు.

"ఇంట్లో పాలు పొంగించినోళ్లు ఆ ఈధోళ్లేనని మీ సట్టంలోనే ఉంది బాబూ. సూసుకో."

పాలు పొంగాయి. గోడ ఆమె పేరడిగి, ఓటు ఔననా, వద్దనా అని అడిగింది. వరహాలమ్మ చెయ్యి తుడుచుకుని తనకే వేసుకుంది.

"కూకో, పాయసం తాగెళ్దువుగాని," అంది పైడిరాజుతో. "ముందు నన్నొద్దన్న పదకొండిళ్లకీ పంపాల."