ఏసురాజు మోకాలు

జయకుమార్ మా నాపరాళ్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, మా చర్చిలో సంఘపెద్ద. జన్మలో బంతి ముట్టని మనిషి, ఫోను గేములో బాస్కెట్‌బాల్ టీము నడుపుతాడు. ఆటగాళ్లకు మా కూలీల పేర్లు పెట్టుకున్నాడు. పగలంతా మా మీద చేసే పెత్తనం చాలదు ఈయనకు.

ఆదివారం ప్రార్థన మనవులు చెప్పే వేళ లేచి నిలబడ్డాడు. "మన ఏసురాజుకు మోకాలు దెబ్బతినింది. అందరూ ప్రార్థన చేయండి."

ఏసురాజును నేనే. పాస్టరుగారు వచ్చి నా తల మీద చేయి పెట్టారు. సంఘమంతా కళ్లు మూసుకుంది.

బయటికొచ్చాక జయకుమార్ పగలబడి నవ్వాడు. "నీకు కాదప్పా, నా టీములో ఏసురాజుకు. శానా మంచి ఆటగాడు. ఇప్పుడు ఆడిస్తే కాలు పోతాదని రెండు వారాలు కూర్చోబెట్టినా."

"ఫోన్లో బొమ్మకు దేవుణ్ణి అడుక్కుంటివా అన్నా?"

"నీ సొమ్మేం పోయింది?" అని నా కాళ్ల వైపు చూశాడు. "నీ మోకాలు బాగానే ఉండాది కదా? కుంటోళ్లతో నాకు పని జరగదు."

"బాగుండాదన్నా."

మొన్న బుధవారం ఫ్యాక్టరీలో బండ పడి వాచిన మోకాలు ప్యాంటులో బిగుసుకుపోయి ఉంది. ఆయన చూస్తుండగా, చర్చి గేటు దాకా కుంటకుండా నడిచాను.