సోల్ లేదు

“ఏటమ్మా, ఆవిడ ఒక్కో సెట్టు ఎనక్కీ తొంగిసూత్తంది?” చేపల తట్ట దించుతూ అడిగింది గంగాలమ్మ.

చేపలు కొనడానికి వచ్చిన ఈశ్వరి తలెత్తింది. బీచి రోడ్డు పక్క సరుగుడు తోపులో ఒక విదేశీ స్త్రీ చెప్పులైనా లేకుండా తిరుగుతోంది. వీళ్లను చూడగానే పరుగున వచ్చి ఈశ్వరి చేయి పట్టుకుంది. కళ్ల నిండా నీళ్లు.

“సోల్! సోల్ ఒప్సొ!”

ఈశ్వరికి ఒళ్లు ఝల్లుమంది. రెండేళ్లుగా సీరియళ్లు చూసి, ఫోన్లో పాఠాలు విని నేర్చుకున్న కొరియా భాష! ఎందుకు పనికొస్తుందని ఇంటిల్లిపాదీ నవ్విన భాష. ఇన్నాళ్లకి ఆ మాటతోనే ఒక మనిషి సాయం అడుగుతోంది.

“పాపం, ఏటంటందమ్మా?”

“సోల్ లేదు అంటోంది. సోల్ అంటే పైన్ చెట్టు. నాము అన్నా చెట్టే. రెండూ కలిస్తే ‘సోల్‌నాము’ అవ్వాలి కదా? పలకడంలో ‘ల్’ జారిపోయి ‘సోనాము’ అయింది.”

“మా నోట్లోనూ సగం అచ్చరాలు జారిపోతాయమ్మా. మా మనవరాలు ఎక్కిరిస్తాది.”

ఈశ్వరి ఆమె వైపు తిరిగింది. “సోనాము?”

“నే, నే! సోల్!” ఆమె గబగబా తలూపి, నడుము దగ్గర చేయి పెట్టి చూపించింది.

“అవునట. ఇంతెత్తు మొక్కట. ఇంటి దగ్గర నాటుకుని వచ్చినట్టుంది. సరుగుడు చూసి బెంగపడింది.”

“ఓలమ్మో, సెట్టు కోసం ఇంత ఏడుపా! నాను పోయినా నా కోడలు ఇంత ఏడవదు.”

ఆ స్త్రీ ఇంకేదో గబగబా చెప్పింది. ఈశ్వరికి అందలేదు. “ఇక్కడ సోల్ ఉండదు” అని ఆ భాషలోనే నెమ్మదిగా చెప్పింది. తప్పు దొర్లకుండా చెప్పినందుకు లోలోపల మురిసింది.

ఆమె ఇసుకలో కూలబడిపోయింది. ఈశ్వరి పక్కన కూర్చుని మంచినీళ్లు తాగించింది, వీపు నిమిరింది. ఆమె లేవబోయిన ప్రతిసారీ భుజం పట్టి కూర్చోబెట్టింది.

అంతలో నీళ్ల వైపు నుంచి కేకలు. వల లాగుతున్నవాళ్లంతా ఒకచోటికి పరుగెడుతున్నారు. గంగాలమ్మ కొడుకు సూరన్న అలల్లోంచి దేన్నో ఎత్తుకుని వస్తున్నాడు.

“ఒరే సూరన్నా, వల్లో ఏటి పడ్డాదిరా?” గంగాలమ్మ అరిచింది.

ఆ స్త్రీ ఈశ్వరి చేయి విదిలించుకుని పరుగెత్తింది.

“సోల్!”

సూరన్న చేతుల మీద ఒక పాప తల వాల్చేసి ఉంది.