ఐబీనా, ఎ-లెవెల్సా?

"ఐబీ అంటే ఆరు సబ్జెక్టులు మేడమ్! పైగా నాలుగు వేల పదాల వ్యాసమొకటి. పిల్ల నలిగిపోదూ?" అంది తల్లి.

"ఎ-లెవెల్స్‌లో మూడే. రేపు మనసు మారితే పిల్ల ఎటు పోవాలట? అడగండి మేడమ్," అన్నాడు తండ్రి. కూర్చోమన్నా కూర్చోకుండా తలుపుకీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాడు.

ఒకే గదిలో ఉన్నా ఆ ఇద్దరి మాటలూ కెరీర్ కౌన్సెలర్ మీదుగానే అటూ ఇటూ వెళ్తున్నాయి. ఇంటర్‌కి బదులు ఆ రెండు విదేశీ కోర్సుల్లో ఏదో ఒకటి చదవాల్సిన పదహారేళ్ల కూతురు గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది.

కౌన్సెలర్ ఓపిక తెచ్చుకుంది. "పాప ఆర్కిటెక్చర్ చదువుతానంటోంది. లెక్కలూ ఆర్టూ ఇందులో తీసుకోవచ్చు, అందులోనూ తీసుకోవచ్చు. యూనివర్సిటీ వాళ్లు చూసేది మార్కులు, తను గీసిన బొమ్మలు. రెండు దారులూ అక్కడికే వెళ్తాయండీ."

"అయినా ఐబీకి విలువెక్కువ," అన్నాడు తండ్రి.

"ఎందుకుండదూ!" తల్లి గొంతు లేచింది. "ఆ ఐబీ స్కూలు ఆయన కొత్త ఫ్లాట్‌కి ఎదురుగానే ఉంది మేడమ్. విడాకుల కాగితాల మీద సంతకాలు ఆరకముందే తీసుకున్నాడు."

"మరి ఎ-లెవెల్స్ స్కూలు ఎక్కడుందో చెప్పమనండి! ఆవిడ పుట్టింటి వీధి చివర!"

మూడుసార్లు వచ్చినా వీళ్లకి తన మాట ఎందుకు ఎక్కలేదో కౌన్సెలర్‌కి అప్పుడు తెలిసొచ్చింది.

"దాన్నే అడగండి, నా దగ్గరే ఉంటానంటుంది," అంది తల్లి.

"అడగండి మరి! నాన్న కావాలనకపోతే చూడండి," అన్నాడు తండ్రి.

ఇద్దరూ కూతురి వైపు తిరిగారు.

"నీ ఇష్టం చెప్పమ్మా," అంది కౌన్సెలర్ మెల్లగా. "ఎవరికీ భయపడకు."

కూతురు నోట్లోంచి వేలు తీసింది. "ఏది చదివినా సీటొస్తుందా మేడమ్?"

"నువ్వు బాగా చదివితే ఎందుకు రాదు?"

"నిజంగా ఏదైనా ఒకటేనా?"

"ఒకటేనమ్మా."

"అయితే ఆ రెంటిలో హాస్టల్ దేనికుందో చెప్పండి, ఇవాళే చేరిపోతాను."