బట్టీవాడి పొరపాటు

“ఎక్కడికైనా వెళ్ళు, ఆ బట్టీ దగ్గరికి మాత్రం వెళ్ళకు అని మా అమ్మమ్మ ఒట్టు వేయించుకుంది అత్తా,” అంది ఓష్రత్.

“ఒట్టు ఇజ్రాయెల్‌లో వేశావు. మొరాకోలో చెల్లదు. నడు,” అంటూ మస్సోదా అత్త చేతికర్రతో సందు చూపించింది.

ముప్ఫై నలుగురు యాత్రికులలో పాతికేళ్ళు నిండనిది ఓష్రత్ ఒక్కతే. దేశం దాటడం ఆమెకు ఇదే మొదటిసారి. తక్కినవారు పుట్టిన ఊళ్ళు చూసుకోవడానికి వచ్చిన వృద్ధులు. ప్రతి మహనీయుని సమాధి వద్దా కొవ్వొత్తి వెలిగించి ఏడ్చేవారు. ఏడుపు ముగిసిన మరుక్షణం భోజనం ఎక్కడని గైడును పీడించేవారు. తాను ఏడవవలసిన చోటు ఓష్రత్‌కు ఇంకా దొరకలేదు. ఆమె వెతుకుతున్నది సమాధిని కాదు, ఒక జవాబును.

ఒకప్పుడు ఈ సెఫ్రూ ఊళ్ళోని యూదుల పేటకంతటికీ ఆ రొట్టెల బట్టీయే దిక్కు. సబ్బాతు అయిన శనివారం నాడు నిప్పు ముట్టరు గనుక, ప్రతి ఇల్లూ శుక్రవారం సాయంత్రమే మాంసం, శనగలు, గుడ్లు నింపిన తపేలాకు మూత పెట్టి, అంచున పిండి మెత్తి అక్కడికి పంపేది. రాత్రంతా ఉడికిన ఆ వంటను మర్నాడు మధ్యాహ్నం తెచ్చుకునేవారు. తపేలాలన్నీ ఒకే కంచరి చేసినవి. ఏది ఎవరిదో చెప్పేది తపేలా పిడికి తీగతో కట్టిన, చేపో కత్తెరో ఇంటికో గుర్తు చెక్కిన రేకు బిళ్ళ ఒక్కటే.

అరవై ఏళ్ళ కిందట ఒక సబ్బాతు నాడు, పదిహేడేళ్ళ ఫ్రేహా, అంటే ఓష్రత్ అమ్మమ్మ, మూత తీసి చూస్తే, పదకొండు గుడ్లు ఉండవలసిన చోట ఏడే ఉన్నాయి. తపేలా ఎత్తుకుని వెనక్కి పరుగెత్తింది. సందు మలుపులో చెప్పులు కుట్టే మఖ్లూఫ్ ఎదురయ్యాడు, ఫ్రేహా వాళ్ళ తపేలా పట్టుకుని. పెద్దలు నవ్వుకున్నారు. రెండు ఇళ్ళవాళ్ళూ ఆ పూట ఒకే బల్ల దగ్గర తిన్నారు. పస్కా పండుగ నాటికి పెళ్ళి ఖాయమైంది.

“బట్టీవాడు ఒక్కసారి చేసిన పొరపాటుకు నేను జీవితాంతం వండిపెడుతున్నాను,” అని అమ్మమ్మ ఇంటికొచ్చిన ప్రతి చుట్టంతోనూ అనేది. అన్నప్పుడల్లా తాత టీ గ్లాసులోకి చూస్తూ, దేనినో దొంగిలించినవాడిలా నవ్వుకునేవాడు.

కిందటి చలికాలం తాత పోయాడు. పరామర్శకు వచ్చినవాళ్ళతోనూ అమ్మమ్మ అదే మాట అంది. ఆనాటి నుంచి ఓష్రత్‌ను ఒక ప్రశ్న తొలుస్తోంది. తాతను అమ్మమ్మ కోరుకుందా, లేక చేతికొచ్చిన తపేలాతో సరిపెట్టుకున్నట్టు ఆయనతోనూ సరిపెట్టుకుందా? తన ఉనికికి మూలం ఒకరి ఇష్టమా, ఒక పనివాడి పరధ్యానమా?

బట్టీ గుమ్మంలో గొర్రెతోలు మీద కూర్చున్న ఎనభై నాలుగేళ్ళ ఇద్రీస్, లోపల రొట్టెలు కాలుస్తున్న కొడుకుని తిడుతున్నాడు.

“ఇదిగో, ఫ్రేహా మనవరాలు,” అంది మస్సోదా అరబ్బీలో. “నువ్వు తపేలా తారుమారు చేశావే, ఆ ఫ్రేహా.”

ముసలాయన దిగ్గున లేచాడు. “తారుమారా? నేనా? యాభై ఇళ్ళ తపేలాలు ఈ చేతుల మీద నడిచాయి. ఒక్క గుడ్డు అటూ ఇటూ కాలేదు! అయినా ఫ్రేహా మంచి పిల్ల. శుక్రవారం అందరికంటే ఆఖర్న వచ్చి, గట్టు మీద తపేలాలన్నీ వరసగా సర్ది మరీ వెళ్ళేది. ఆ పిల్ల నన్ను అంత మాటంటుందా?”

“మరి మా తాత పెళ్ళి ఎలా అయినట్టు?” మస్సోదా చేత అడిగించింది అరబ్బీ రాని ఓష్రత్.

“ఏ తాత?”

“మఖ్లూఫ్.”

ఇద్రీస్ చూపు తన పాదాల మీదికి దిగింది. “ఉన్నాడా?”

“పోయాడు.”

“దేవుడు కరుణించుగాక. అయితే చెప్పచ్చు. ఆ శుక్రవారం పొద్దున్నే ఓ జత పసుపుపచ్చ చెప్పులు తెచ్చి నా ముందు పెట్టాడమ్మా. రేపు మా తపేలా ఫ్రేహా వాళ్ళకియ్యి, వాళ్ళది మాకియ్యి అన్నాడు.”

మస్సోదా ఆ మాట తర్జుమా చేయగానే ఓష్రత్ కళ్ళు నిండాయి. ఏడవవలసిన చోటు మసిబారిన ఈ గుమ్మమని ఇంతదూరం వస్తే గాని తెలియలేదు. వెంటనే అమ్మమ్మకు ఫోన్ చేసి, అందరికీ వినిపించేలా పెట్టింది.

“అమ్మమ్మా, అది పొరపాటు కాదు! తాతే చెప్పులు లంచమిచ్చి మార్పించాడు!”

“నిన్ను అక్కడికి వెళ్ళొద్దన్నానా లేదా?” అని గద్దించింది అమ్మమ్మ.

“ఆగమ్మా, పూర్తిగా వినకుండా చాటింపు వేస్తావేం?” మస్సోదా ద్వారా సంగతి విని ఇద్రీస్ చేతులు అడ్డంగా ఊపాడు. “చెప్పులైతే పుచ్చుకున్నాను గానీ ఆ పని చెయ్యలేదు. మా నాన్న బట్టీ ఇది. చెయ్యి రాలేదు. చేప బిళ్ళ ఉన్నది చేపవాళ్ళకీ, కత్తెర బిళ్ళ ఉన్నది కత్తెరవాళ్ళకీ ఇచ్చేశాను. చెప్పులు తిరిగిచ్చేద్దామనుకుంటూంటే మీ తాత పరుగున వచ్చి, నన్ను కావలించుకుని ఇంకో జత ఇచ్చాడు. ఎందుకిచ్చాడో ఇప్పటికీ తెలీదు.”

మస్సోదా వేళ్ళు ముద్దు పెట్టుకుని ఆకాశం వైపు చూసింది. “మహిమ! ఎవరూ మార్చకుండానే తపేలాలు మారాయి! ఇన్ని సమాధులు తిరిగాం, అసలు మహిమ ఈ బట్టీలో ఉంది!” అంటూ సంచీలోంచి కొవ్వొత్తి తీసి గుమ్మంలో వెలిగించింది. ఇద్రీస్ కూడా కాదనలేక తలవంచాడు.



“రెండు జతలిచ్చాడా?” అంది అమ్మమ్మ ఫోన్‌లో. ఆ గొంతు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. “పిచ్చి మహారాజు. ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడు.”

“నువ్వూ విన్నావుగా ఫ్రేహా! మహిమే కదూ?” ఫోన్‌లోకి అరిచింది మస్సోదా.

“ఆ కొవ్వొత్తి ఆర్పవే మస్సోదా,” అంది అమ్మమ్మ. “బిళ్ళలు మార్చింది నేను.”