ట్యూబు మహిమ

మొదట పెద్దాయన నడుం దగ్గర చొక్కా గుండీ అంత మచ్చ లేచింది. అంచు ఎర్రగా, మధ్యలో మామూలుగా ఉంది. దురద మాత్రం మామూలుగా లేదు. అసలే ఎండలు, బెల్టు కింద చెమట, దానికి తోడు సగం ఆరిన బనియను తొడుక్కుని పరిగెత్తే అలవాటు. నలుగురూ వచ్చే చోట పని కావడంతో గోక్కోవడానికీ లేక నానా యాతన పడ్డాడు.

డాక్టరు గడప తొక్కే రకం కాదాయన. ఒక ట్యూబు తెచ్చుకుని రాశాడు. రెండో రోజుకి దురద పోయింది. ఐదో రోజుకి మచ్చ కనబడలేదు. ఖర్చూ లేదు, క్యూలో పడిగాపులూ లేవని భార్య దగ్గర మీసం మెలేశాడు.

పది రోజులకి మచ్చ తిరిగొచ్చింది, ఈసారి చుట్టపక్కాలతో. మళ్ళీ ట్యూబు. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. నాలుగు నెలల్లో నడుం చుట్టూ తిరిగి, వీపెక్కి, మోచేతుల దాకా దిగింది. ఒకే తువ్వాలు వాడిన పాపానికి భార్య మెడకీ పాకింది. ఆవిడకీ అదే ట్యూబు.

అప్పటికీ ఆయన కదల్లేదు. కదిలించింది ఏడు నెలల మనవరాలు. సాయంత్రమైతే తాత చేతుల్లో తప్ప ఎక్కడా ఉండని ఆ పిల్ల బుగ్గ మీద ఒకరోజు చిన్న ఎర్ర వలయం కనబడింది. కూతురు గొడవేం చెయ్యలేదు. పాపని నెమ్మదిగా తీసుకుని, తగ్గేదాకా ఎత్తుకోవద్దు నాన్నా, అంది.

ఆ సాయంత్రం పెద్దాయన ఉయ్యాలకి మూడడుగుల దూరంలో నిలబడ్డాడు. పిల్ల రెండు చేతులూ చాచింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

మర్నాడే భార్యని తీసుకుని బస్సెక్కాడు. ఊళ్ళోనే ఇద్దరు చర్మం డాక్టర్లున్నారు. కానీ చొక్కా ఎత్తి తెలిసినవాళ్ళకి చూపించుకోలేనంటూ, రెండు గంటల దూరంలో ఉన్న ఊరికి బయల్దేరాడు.

అక్కడి డాక్టరమ్మ ఆయన మోచేతి మీది పొట్టు గీకి, గాజు పలక మీద పెట్టి, ఒక చుక్క మందు వేసి, సూక్ష్మదర్శినిలో ఆయన్నే చూడమంది. సన్నటి పోగులు, కొమ్మలేసుకుంటూ. ఇది తామర, ఆ పోగులే ఫంగస్ అని చెప్పింది. చెమటా తడీ దొరికితే చాలట, చర్మం పైపొర తింటూ గుండ్రంగా పాకుతుందట. మామూలు జబ్బే, కానీ ఒళ్ళంతా ఇలా ఎక్కాలంటే ఏదో రాసి ఉండాలంది.

పెద్దాయన జేబులోంచి ట్యూబు తీశాడు. ఆవిడ దాని మీది అక్షరాలు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎవరు రాసిచ్చారు దీన్ని?"

"ఎవరూ రాయలేదండీ. మా వీధి చివర మందుల షాపులోది."

"చీటీ లేకుండా ఎలా ఇచ్చాడండీ ఆయన?"

పెద్దాయన చెయ్యి చాచి ట్యూబు వెనక్కి తీసుకున్నాడు. అందులో స్టెరాయిడు ఉందని డాక్టరమ్మ వివరించింది. అది దురదని జోకొడుతుందే గాని ఫంగస్‌ని ఏమీ చెయ్యదు. పైగా ఒంట్లో కాపలా కాసేవాణ్ణే నిద్రపుచ్చుతుంది. ఇక ఫంగస్‌కి అడ్డేముంది? ఆ వీధిలో ఇంకెన్ని ఇళ్ళలో ఇదే భాగోతం నడుస్తోందో, అంది.

"అసలు ఆ షాపాయనకి బుద్ధుందా?"

పెద్దాయన ట్యూబుని జేబులోకి తోశాడు.

"కాస్త తక్కువేనండీ."

పక్కన భార్య చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని డాక్టరమ్మ మంచినీళ్ళిచ్చింది. తగ్గిపోతుంది, బెంగ పడొద్దని ఓదార్చింది. ఇద్దరికీ మాత్రలు, వేరే పూత మందు రాసింది. ఎవరి తువ్వాలు వాళ్ళదే. బట్టలు ఎండలో పూర్తిగా ఆరాలి. మచ్చ పోయినా చెప్పినన్నాళ్ళూ మందు ఆపకూడదు. పాపని పిల్లల డాక్టరుకి చూపించాలి.

అయినా ఆవిడ కోపం చల్లారలేదు. కాగితం లాక్కుని పెన్ను గుచ్చి గుచ్చి ఏదో రాసి, కవరులో పెట్టి అంటించింది.

"ఆ షాపాయన చేతికే ఇవ్వండి. మొహమాటపడి మధ్యలో పారెయ్యరు కదా?"

"మొహమాటంగానే ఉందండీ," అన్నాడు పెద్దాయన. "అయినా చేరుస్తాను."

మర్నాడు పొద్దున్నే ఆయన వీధి చివరికి నడిచి, మందుల షాపు తాళం తీసి, షట్టరెత్తి, ముప్ఫై ఏళ్ళుగా కూర్చుంటున్న ఓనరు కుర్చీలో కూర్చుని, మొదటి బేరం రాకముందే ఆ కవరు చింపాడు.