స్కేలు కింద వెలుతురు

"వెలుతురు కనిపిస్తోంది. ఈ మిషనూ వంకరే," అన్నాడు జకర్యా, జాయింటర్ బల్ల మీద తన స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి, వంగి చూస్తూ.

రిటైరయ్యాక ఇంట్లో వడ్రంగం మొదలుపెట్టిన ఈ లెక్కల మేష్టారు, పలకల అంచులు చదును చేసే మిషన్ కోసం సికింద్రాబాద్‌లో నాలుగు షాపులు తిరిగాడు. నలుగురూ మోసగాళ్లేనని తేల్చాడు. మల్కాజ్‌గిరిలో ఇది అయిదోది.

"స్కేలు జెర ఇటియ్యున్రి సార్," అన్నాడు షాపు యజమాని బ్రహ్మచారి.

ఇంత మెత్తగా అడుగుతున్నాడంటే ఏదో మతలబుందనుకుంటూనే జకర్యా ఇచ్చాడు.

బ్రహ్మచారి స్కేలును చెక్క మీద పెట్టి, అంచు వెంట పెన్సిల్‌తో గీశాడు. స్కేలును గీతకు అవతలి వైపు తిరగేసి, అదే అంచుతో మళ్లీ గీశాడు. గీతలు రెండు కొసల్లోనూ కలిశాయి. నడుమ మాత్రం ఎడం మిగిలింది.

"స్కేలు సక్కగుంటే ఒక్కటే గీత పడాలె సార్."

జకర్యా వంగి, గీతల నడుమ ఎడాన్ని వేలితో తడిమాడు.

"ఈ స్కేలుతోనే కొలిచి చేసిన మీ బెంచీ ఊగుతోందని, కలప అమ్మిన జీవరాజుగారిని చర్చి మెట్ల మీద అందరి ముందూ దొంగన్నారండీ," అంది వెంట వచ్చిన భార్య రోసమ్మ, మెల్లగా.

"మిషన్ ఆటో ఎక్కించండి," అన్నాడు జకర్యా. "ఆ చెక్క మాత్రం నా చేతికివ్వండి. ముందు జీవరాజు ఇంటికెళ్లాలి."